మైదాకు దొర

జుట్టుకు రంగు ఎవడైనా వేస్తాడు. ఉన్న రంగు దించడం వేరే పని. ఈ మాట మా దుకాణంలో ఇప్పుడు పనిచేస్తున్న కుర్రాళ్లతో అంటే ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకుంటారు. వాళ్ల దగ్గర ట్యూబులున్నాయి, వెండి కాగితాలున్నాయి, టైమయితే మోగే గడియారముంది. "తాతా, మీ జమానాల కటింగు, గడ్డం తప్ప ఇంకేముండె?" అని మొన్న ఒకడు అడిగాడు. నాకు కోపం నషాళానికి అంటింది. ఒరేయ్, మీ నాన్న నిక్కర్లు వేసుకునే రోజుల్లోనే నాచారంలో ఒక కారునల్లటి నెత్తిని తెల్లదొర నెత్తిగా మార్చడానికి ఈ చేతులతోనే పూనుకున్నాను. మారిందా అని అడగకండి, అదే చెప్పబోతున్నాను. రంగులు కలిపే మీలాంటి వాళ్లకు ఇది పనికొస్తుంది. మిగతావాళ్లు నవ్వుకుంటే నాకేం అభ్యంతరం లేదు.

డెబ్బైల మొదటి రోజులు. నాచారంలో కార్ఖానాలు ఒకదాని పక్కన ఒకటి లేస్తున్నాయి. సైరన్ మోగితే మా రోడ్డంతా సైకిళ్లే. నా దుకాణానికి రేకుల కప్పు, రెండు కుర్చీలు, ఒక పొడుగాటి బెంచీ ఉండేవి. ఆ బెంచీ మీద కూర్చునేవాళ్లలో సగం మందికి గడ్డం గీయించుకునే పని ఉండేది కాదు. పేపరు చదవడానికి, పక్కవాడి పనిలో తలదూర్చడానికి వచ్చేవాళ్లు. ఆదివారం అయితే కుర్చీలో ఉన్న మనిషికి మీసం ఎంత ఉంచాలో కూడా బెంచీయే తీర్మానించేది.

అంతకుముందు నేను సికింద్రాబాదులో ఒక పెద్ద సెలూన్‌లో పనిచేశాను. అక్కడికి లాలాగూడ రైల్వే క్వార్టర్ల నుంచి ఆంగ్లో ఇండియన్ పిల్లలు వచ్చి ముందు జుట్టు ఒక పాయ బంగారు రంగులోకి దింపించుకునేవాళ్లు. మా ఉస్తాద్ ఒక్కడికే ఆ పని వచ్చు. పెరాక్సైడ్ నీళ్లు, నాలుగు చుక్కల అమోనియా, ఒక పింగాణీ గిన్నె, ఒక బ్రష్షు, అంతే ఆయన సరంజామా. గిన్నె పట్టుకుని పక్కన నిలబడటం నా పని. నిలబడి నిలబడి అన్నీ నేర్చేసుకున్నాను. ముందు చివర్లకు పూయాలి, కుదుళ్లకు ఆఖరున పూయాలి, ఎందుకంటే తల వేడికి కుదుళ్ల దగ్గర రంగు త్వరగా దిగుతుంది. ఏ తల మీదైనా మొదట కనబడని చోట ఒక పాయ మీద వేసి చూడాలి. "బేటా, జుట్టుతోని కొట్లాడకు. అది వచ్చినంతనే వస్తది. రాకపోతే లాగకు, తెగుతది" అనేవాడు ఉస్తాద్. నాచారంలో సొంత దుకాణం పెట్టాక ఈ విద్యంతా నాకు వచ్చని నలుగురి ముందూ చెప్పుకుంటూ ఉండేవాణ్ని. అక్కడ ఎవడు జుట్టు రంగు దింపమని అడుగుతాడులే అని ధైర్యం. నాచారంలో అందరికీ నలుపే కావాలి కదా!

అడిగేవాడు ఒకడు దొరికాడు. ఒక కార్ఖానా ఆఫీసులో గుమస్తా, గుంటూరు వైపు మనిషి, నాటకాల పిచ్చోడు. కార్మికులను పోగేసి ప్రతి ఏడూ ఒక నాటకం ఆడించేవాడు. రాసేది ఆయనే, నేర్పేది ఆయనే, తెర లాగేవాడు రాకపోతే లాగేదీ ఆయనే. అంతకుముందు ఏడు ఉప్పల్‌లో జరిగిన కార్మికుల నాటక పోటీలో ఆయన దొర పాత్రకు జనపనార విగ్గు తెప్పించాడు. దొర గంభీరంగా తలుపు దాటి వస్తుంటే విగ్గు పైనున్న మేకుకు తగులుకుని అక్కడే ఉండిపోయింది, దొర మాత్రం ముందుకు వచ్చేశాడు. జనం నవ్విన నవ్వు ఆయన ఏడాది పొడుగునా మర్చిపోలేదు.

ఈ ఏడు కూడా దొర నాటకమే. తెల్ల కలెక్టరు చెట్టు పన్ను కట్టలేదని ఒక కల్లుగీత యువకుణ్ని పట్టి తెప్పిస్తాడు. ముసలి తల్లి కాళ్ల మీద పడుతుంది. దొర బూటుకాలితో తంతాడు, కొడుక్కి ఉరి వేయిస్తాడు. ఉరికి ముందు ఆ యువకుడు పెద్ద ఉపన్యాసం ఇస్తాడు. ఆ వేషం లేత్ మిషన్ మీద పనిచేసే ఒక అన్నకు ఇచ్చారు. నా కుర్చీలో గడ్డం గీయించుకుంటూ కూడా ఆ ఉపన్యాసం అప్పజెప్పేవాడు. "అన్నా, కత్తి గొంతు మీదున్నది, జర ఆగు, ఉరి తర్వాత ఏస్కుందువు" అని నేను బతిమాలుకునేవాణ్ని. ముసలి తల్లి వేషం స్టోర్ కీపరుది. పాపం, నాటకం కోసం ఏళ్లుగా పెంచిన మీసం నాతోనే తీయించుకుని, అద్దంలో చూసుకుని, పై పెదవి తడుముకుంటూ వెళ్లిపోయాడు.

"ఏమయ్యా, విగ్గు గిగ్గు నాకొద్దు. నీకు జుట్టు రంగు దించడం వచ్చని ఊరంతా అంటున్నావుగా, మా దొర తల నిజంగానే బంగారు రంగులోకి దించెయ్" అన్నారు గుమస్తా గారు. బెంచీ మీద అందరూ నా వైపే చూస్తున్నారు. రాదు అనడానికి నోరెలా వస్తుంది? "దానికేముంది సార్" అనేశాను.

దొర వేషం ఎవరికి ఇచ్చారంటే, ఫౌండ్రీలో పోతపని చేసే ఒక తమ్ముడికి. కరిగిన ఇనుము మూసల్లో పోసే పని. మనిషి పొడుగరి, మాట తక్కువ. అదే స్టేజీ ఎక్కితే గొంతు ఎక్కడి నుంచి వచ్చేదో, రిహార్సల్ జరిగే రేకుల షెడ్డు మారుమోగేది. కానీ అతని పీకల మీద ఒక కత్తి ఉంది. అతని నాయన భాగోతాల వెంట ఊళ్లు పట్టుకు తిరిగి, ఇల్లూ భూమీ మర్చిపోయి, జబ్బు పడ్డాకే ఇంటి మొహం చూశాడట. ఆ తల్లి కూలి చేసి కొడుకును పెంచింది. నాటకం అన్న మాట వింటే చాలు, చేతిలో ఉన్న చీపురు లేచేది. ఎన్నో రోజులు బతిమాలితే ఆఖరికి ఒక షరతు మీద ఒప్పుకుంది. ఆ సంగతి తమ్ముడే నాకు చెప్పాడు.

"అమ్మ ఒచ్చి సూస్తనన్నదన్నా. సూసినంక వద్దంటే మల్ల జిందగీల మొహానికి రంగు పుయ్యనని ఆమె నెత్తి మీద చెయ్యి వెట్టి ఒట్టేసిన."

"మరి వద్దంటే?"

"ఒట్టు ఒట్టే గద. పొద్దంతా కొలిమి చప్పుడుల నా మాట నాకే ఇనవడదన్నా. స్టేజి మీదనే ఇనవడ్తది" అన్నాడు.

అప్పటిదాకా నా పరువు గురించే ఆలోచిస్తున్నాను. ఇప్పుడు ఈ పిల్లాడి నాటకాల భవిష్యత్తు నా పింగాణీ గిన్నెలో పడింది.

అందుకని ఒళ్లు దగ్గర పెట్టుకునే పని మొదలుపెట్టాను. "తమ్మీ, ఎప్పుడన్న తలకు రంగు వెట్టినవా?" అని అడిగాను. "రంగా? తోబా! నాకేం వయసైందన్నా?" అన్నాడు. ఆదివారం నాటకమైతే శుక్రవారం సాయంత్రమే మెడ వెనక కాలరు కింద దాగే చోట ఒక పాయ మీద వేసి చూశాను. బయట చాయ్ తాగి వచ్చేసరికి ఆహా, కోసిన గడ్డి రంగు! చేతి అద్దం పట్టి అతనికి చూపించాను, బెంచీకి చూపించాను, రోడ్డు మీద పోయేవాణ్ని పిలిచి మరీ చూపించాను. ఉస్తాద్ ఉంటే నా వీపు తట్టేవాడు అనుకున్నాను.

ఆదివారం పొద్దున. దుకాణం కిటకిటలాడుతోంది. ఒకరికి సగం గడ్డం గీసి "ఇప్పుడే వస్త" అని నురుగుతోనే కూర్చోబెట్టి, తమ్ముణ్ని రెండో కుర్చీలో ఎక్కించాను. చెవుల పక్కన, వెనక, ఒక్కొక్క పాయ విడదీసి, చివర్ల నుంచి పూస్తూ వచ్చాను. బ్రహ్మాండంగా దిగుతోంది. నలుపు ఎరుపైంది, ఎరుపు పసుపైంది. బెంచీ లేచి నిలబడి చూస్తోంది. "అరె, నిజంగనే లాట్ సాబ్ లెక్కనే అవుతుండు!" అన్నాడెవడో. నేనూ ఉబ్బిపోయి, నడినెత్తి మీద బ్రష్షు పెట్టాను.

చుయ్‌మంది.

మొదట నాకు అర్థం కాలేదు. నురుగు పొంగుతోంది. "అన్నా, నెత్తి కాలుతున్నది" అన్నాడు తమ్ముడు. "ఇనుము పోసేటోనివి, గీ జర్రంత దానికే గోలనా?" అని వేళాకోళం చేశాను. అతను మళ్లీ "అన్నా!" అనేసరికి చెయ్యి పెట్టి చూశాను. అమ్మో, పొయ్యి మీది పెనం! తడి ఇనుము వాసన గుప్పున కొట్టింది, పల్చటి ఆవిరి కూడా లేచింది.

కుర్చీలోంచి అమాంతం లేపి, వెనక ఉన్న నీళ్ల గోలెం దగ్గరికి ఈడ్చుకుపోయి చెంబులకు చెంబులు గుమ్మరించాను. బెంచీ అంతా నా వెనకే. "పెరుగు పొయ్యి!" అని ఒకడు, "కోడిగుడ్డు కొట్టు!" అని ఒకడు. సగం గడ్డం మనిషి నురుగు మొహంతోనే "ఫైరింజన్ పిల్వుండ్రి!" అని రోడ్డు మీదికి ఉరికాడు. చల్లబడ్డాక వేళ్లతో మాడు తడిమి చూశాను. దేవుడి దయ, తోలు కమలలేదు, జుట్టు ఊడలేదు. కానీ రంగు! పక్కలంతా బంగారం, నడినెత్తి మాత్రం వానలో వదిలేసిన ఇనుప రేకు. తుప్పు ఎరుపు, మధ్యమధ్య ఆకుపచ్చ మరకలు. సరిగ్గా అప్పుడే గుమస్తా గారు తన దొరను చూసుకోవడానికి వచ్చారు. చూశారు. బెంచీ మీద కూలబడ్డారు.

సగం గడ్డం మనిషి ఎంత దూరం ఉరికాడో గానీ, కబురు తమ్ముడి ఇంటికి చేరిపోయింది. వాళ్ల అమ్మ కొంగు నడుముకు చెక్కుకుని వచ్చింది. చిన్న మనిషి. గొంతు మాత్రం చిన్నది కాదు.

"ఏంది బిడ్డా గిది! నెత్తి మీద కొలిమి ముట్టిచ్చిన్రా? గీ నాటకాలు వద్దు, వద్దు అని నెత్తి నోరు కొట్టుకుంటే ఇన్నవా? ఏం పోసినవయ్యా నా కొడుకు నెత్తిల?"

"అవ్వా, ఒట్టు, నేను సక్కగనే జేసిన. పక్కలకు సూడు, ఎంత మంచిగొచ్చిందో! నడినెత్తి మీదనే గిట్లైంది. నువ్వు ఈ పిలగాని నెత్తికి ఏమన్న వెడ్తవా?"

"నేనేం వెడ్త? ఏం వెట్ట. మైదాకు ఒక్కటే."

మైదాకు అంటే గోరింటాకే. మా వైపు అట్లా అంటాం.

"మైదాకా? తమ్మీ, రంగు వెట్టలేదంటివి గదరా?"

"మైదాకు రంగెట్లైతదన్నా? అది సలువకు" అన్నాడు తమ్ముడు, తడి నెత్తితో, ఎంతో అమాయకంగా. తల్లి అందుకుంది. "పొద్దుగాలకెల్లి నిప్పుల ముందట నిలవడ్తడు. మాడుకు వేడి ఎక్కదా? ఆదివారం ఆదివారం నడినెత్తి మీద అద్దుత. నాగోల్ దిక్కు తోట కంచెకు మస్తు ఉంటది, తెచ్చి నూరుత."

"ఎందుల నానవెడ్తవు అవ్వా?" నాకు జవాబు ముందే తెలుస్తోంది.

"ఇంకెందుల? ఇనుప మూకుట్ల. రాత్రంత ఇనుముల నానితెనే నల్లగైతది, సలువ జేస్తది."

అదీ సంగతి! ఏళ్ల తరబడి ఇనుము ఊరిన ఆకు ఆ నడినెత్తి జుట్టులో పట్టేసి ఉంది. దాని మీద నేను పెరాక్సైడ్ పోశాను. ఇనుము తగిలితే అది పొంగి కాగిపోతుంది. సలువ మాడుకే గానీ మెడకు కాదు కదా, అందుకని నేను పరీక్ష చేసిన మెడ వెనక పాయకు ఆ ఆకు ఏనాడూ తగల్లేదు. పరీక్ష పాసు, నెత్తి ఫెయిలు! కుర్రాళ్లూ, ఇక్కడ కాస్త చెవి పెట్టండి. కుర్చీలో కూర్చున్న మనిషిని "రంగు పెట్టావా" అని అడగొద్దు. "మీ ఇంట్లో తలకు ఏమేం పెడతారు" అని అడగండి. మన ఇళ్లలో రంగు ఎవరూ పెట్టరు, అందరూ మందే పెడతారు. సికింద్రాబాదులో మా ఉస్తాద్‌కు ఈ తంటా ఎందుకు రాలేదంటే, లాలాగూడ దొరసానుల ఇళ్లలో ఇనుప మూకుడు మైదాకు లేదు.

సరే, తప్పు తెలిసింది. నాటకం సాయంత్రం. ఇంకోసారి పెరాక్సైడ్ పూస్తే నడినెత్తి జుట్టు చేతికే వస్తుంది. నల్ల రంగు వేసేస్తే దొర పోయి ఏదో ఆఫీసు క్యాషియరు వస్తాడు. నేను తల పట్టుకుని నిలబడ్డాను. ఉస్తాద్ మాట గుర్తుకొచ్చింది. రాని జుట్టును లాగకు అన్నాడు. నిజమే, పైన ఉన్న ఎరుపు పక్కల బంగారం దాకా దిగదు. మరి పక్కల ఉన్నదాన్ని పైదాని దాకా తీసుకుపోతే? రంగు దిగిన జుట్టు దాహంతో ఉంటుంది, ఏది పెడితే అది తాగేస్తుంది. మైదాకే పెడితే తల మొత్తం ఒకటే ఎరుపు!

"ఎర్ర తల దొర లోకంలో ఎక్కడైనా ఉన్నాడటయ్యా?" అన్నారు గుమస్తా గారు, ప్రాణం లేని గొంతుతో.

"ఉన్నడు సార్. లాలాగూడల ఇంజన్ తోలే ఒక దొరకు నెత్తి, మీసం, కనుబొమ్మలు అన్ని ఎరుపే" అన్నాడు బెంచీ మీది రైల్వే ఆయన. "నేను బొగ్గేసిన ఆయన ఇంజన్ల. తిడితే ఇంకింత ఎర్రగయ్యెటోడు." ఆ రైల్వే ఆయనకు ఆ రోజు గడ్డం ఊరికే గీశాను.

"అవ్వా, మైదాకు కావాలె. ఇనుప మూకుట్లది గాదు, కొత్తది, సత్తు గిన్నెల కలిపినది" అన్నాను.

"సత్తు గిన్నెల ఏం పండుతది? నాకు జెప్తున్నవా మైదాకు సంగతి?"

"నీ కాళ్లు మొక్కుత అవ్వా, ఈ ఒక్కసారికి."

గొణుక్కుంటూ పోయింది, గొణుక్కుంటూ తెచ్చింది. నేను చెయ్యి చాపితే గిన్నె ఇవ్వలేదు. "నువ్వు ముట్టకు నా కొడుకు నెత్తిని. నీ చెయ్యి సూసిన గద" అని తనే కొడుకు వెనక నిలబడి అద్దడం మొదలుపెట్టింది. నేను పాయలు విడదీసి చూపిస్తుంటే ఆమె పూస్తోంది. ఎంత ఒబ్బిడిగా పూసిందంటే చెవి మీద ఒక్క చుక్క పడలేదు. బెంచీ మీద ఒకడు ఊరుకోకుండా "అవ్వ నాటకాలల్ల శామిలైంది!" అన్నాడు. ఆమె వెనక్కి తిరిగి చూసిన చూపుకు వాడు పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

"నేను అద్దుతున్ననంటే ఒప్పుకున్న అని గాదు" అంది కొడుకుతో. "సాయంత్రం ఒస్త, సూస్త. నా మనసుకు రాకపోతే గదే ఆఖరు. ఒట్టు యాదికుంచుకో."

"ఉంచుకుంట అమ్మా" అన్నాడు తమ్ముడు అద్దంలోకి చూస్తూ.

కడిగి తుడిచాక చూస్తే తల మొత్తం రాగి రంగు. ఎండలోకి తీసుకుపోతే ధగధగ మెరిసింది. గుమస్తా గారు చుట్టూ రెండుసార్లు తిరిగి చూసి, నా భుజం మీద చెయ్యి వేసి, "బాగుందయ్యా, ఇలాంటి దొరను చూస్తే నాకే భయంగా ఉంది" అన్నారు. నేను బెంచీ మీద కూర్చుని ఒక చాయ్ తెప్పించుకున్నాను.

ఉప్పల్‌లో ఒక బడి ఆవరణలో షామియానా. ముందు మేళగాళ్లు, పక్కన చాప మీద ఆడవాళ్లు. తమ్ముడి తల్లి మూడో వరుసలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఆమె వైపు నుంచి కళ్లు తిప్పుకోలేక నేను తెర పక్క కంతలోంచి చూస్తూ నిలబడ్డాను. గుమస్తా గారు రాసిన దొర తెల్లవాడు. మా తెలంగాణ పల్లెల్లో దొర అంటే కోటలాంటి గడీలో ఉండే భూస్వామి. ఆమె చిన్నప్పుడు ఊళ్లో అలాంటి దొర ఎదురుగా వస్తే చెప్పులు చేత పట్టుకుని పక్కకు తప్పుకున్న మనిషి. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది.

దొర వచ్చాడు. ఎర్ర తల, ఖాకీ కోటు, మోకాళ్ల దాకా బూట్లు. వెనక వరుసల నుంచి ఎవడో "ఓ మైదాకు దొరా!" అని కేక వేశాడు. షామియానా అంతా గొల్లుమంది. గుమస్తా గారు కళ్లు మూసుకున్నారు. తమ్ముడు మాత్రం ఆగాడు. ఆ కేక వచ్చిన వైపు మెల్లగా తల తిప్పి, చేతి కర్రతో బూటు మీద ఒక్కటి కొట్టాడు. "ఎవరు నవ్వింది?" అన్నాడు. మైకు అక్కర్లేని గొంతు! మళ్లీ ఎవడైనా నవ్వితే ఒట్టు. అక్కడి నుంచి ఆ ఎర్ర తల ఎటు తిరిగితే జనం కళ్లు అటు తిరిగాయి.

లేత్ మిషన్ అన్నను పెడరెక్కలు విరిచి కట్టి తెచ్చారు. ముసలి తల్లి వేషంలో స్టోర్ కీపరు వచ్చి దొర కాళ్ల మీద పడ్డాడు. దొర బూటుకాలితో ఒక్క తన్ను తన్నాడు. స్టోర్ కీపరు దొర్లుకుంటూ పోయి మూల పడ్డాడు. చాప మీది నుంచి ఒక మనిషి లేచింది.

"ఓ దొరా! ముసల్దాన్ని తన్నుతవా? నీ ఎర్ర నెత్తిల మన్నువొయ్య! నిన్ను కన్నది తల్లి గాదా?"

తమ్ముడి తల్లే! పక్కవాళ్లు కొంగు పట్టి గుంజుతున్నా వినడం లేదు. పొద్దున తన చేత్తో అద్దిన నెత్తినే వేలు పెట్టి చూపించి తిడుతోంది. ఆ కళ్లు చూశాను, ఆమెకు అక్కడ కొడుకు లేడు, దొర ఒక్కడే ఉన్నాడు.

స్టేజీ మీద తమ్ముడు పాత్ర వదల్లేదు. "ఎవరు ఆ ముసలమ్మ? కూర్చోమని చెప్పు!" అని గర్జించాడు.

"కూసోను! ఏం జేస్తవో జేస్కో! ముందుగాల గామెను లేపు!"

దొర ఆమెను చూస్తున్నాడు, ఆమె దొరను చూస్తోంది. ఆ పిల్లాడు ఏం చేస్తాడండీ! పుట్టినప్పటి నుంచి ఆ గొంతు చెప్పిన మాట కాదన్నవాడు కాదు. మెల్లగా మూల దాకా నడిచాడు. చేతి కర్ర పక్కన పెట్టాడు. వంగి స్టోర్ కీపరును రెండు చేతులా లేపి నిలబెట్టాడు.

ఇక చప్పట్లు చూడండి! ఈలలు, కేకలు, గుడ్డ కప్పు ఎగిరిపోతుందేమో అన్నంత గోల. తెర వెనక గుమస్తా గారు నెత్తి కొట్టుకుంటున్నారు. "నా నాటకం! తర్వాత రంగంలో ఉరి ఉందయ్యా! తల్లిని లేపినవాడు కొడుకును ఎలా ఉరి తీస్తాడు?" నిజమే, ఎలా తీస్తాడు? తీసి ఉంటే జనం స్టేజీ ఎక్కేవాళ్లు. దొర తనే కట్లు విప్పి గీత యువకుణ్ని వదిలేశాడు. తెర పడింది. లేత్ మిషన్ అన్న మాత్రం కట్లు విప్పిన చేతులు ఊపుకుంటూ "అన్నా, నా ఉరేదన్నా? నా ఉపన్యాసమేదన్నా?" అని కనబడ్డవాణ్నల్లా అడుగుతున్నాడు. పాపం, కన్నీళ్లు పెట్టుకున్నాడు. తర్వాత చాలా ఏళ్లు ఆ ఉపన్యాసం నా కుర్చీలోనే వినిపించాడు.

బహుమతి వేరే జట్టుకు పోయింది. దొర మనసు మారడానికి కథలో తగిన కారణం కనబడలేదని న్యాయనిర్ణేతలు అన్నారట. "కారణం మూడో వరుసలో కూర్చుంది, కనబడకపోతే నేనేం చేసేది?" అని గుమస్తా గారు ఆ తర్వాత ఎప్పుడూ చెప్పి నవ్వేవారు. ఆ సాయంత్రం మాత్రం ఆయనకు నవ్వు రాలేదు.

తెర వెనక తమ్ముడు బూట్లు కూడా విప్పకుండా ఒక పెట్టె మీద తల వంచుకుని కూర్చున్నాడు. నాటకం తన వల్ల చెడిందని ఒకటి, అమ్మ నిండు సభలో తిట్టిందని ఒకటి. "అయిపోయిందన్నా" అన్నాడు నాతో. "ఒట్టు ఒట్టే."

తెర పక్కకు జరిపి తల్లి లోపలికి వచ్చింది. ఆమె కొడుకు ముందుకు వచ్చి, గడ్డం పట్టి మొహం పైకెత్తి, ఎర్ర జుట్టును రెండు చేతులా నిమిరి చూసింది.

"నువ్వేనా బిడ్డా గాడున్నది?" అంది. "నాకు యాదికే రాలేదురా. నా గుండె దడ ఇంకా తగ్గలే. ఎంత చెడ్డోనివైతివిరా!"

తమ్ముడు ఆమె మొహంలోకి చూస్తున్నాడు, కళ్లలో నీళ్లు నిండాయి, అడగడానికి ధైర్యం చాలడం లేదు. ఆమె కొంగుతో అతని కళ్లు తుడిచి, అక్కడే నిలబడ్డ గుమస్తా గారి వైపు తిరిగింది.

"ఏమయ్యా సారూ, మల్ల నాటకం ఎప్పుడు?"

గుమస్తా గారు తడబడ్డారు. "వచ్చే ఏడాదమ్మా. ఎందుకు?"

"నా కొడుక్కు మంచోని వేషం ఇయ్యి. నా నోటితోని నా బిడ్డను ఇంకోసారి తిట్టనియ్యకు."